చర్చివాళ్లతో కలిసి ఫుట్‌పాత్ మీద పడుకునేవారికి భోజనం పెడుతున్నాను. నాలో కలుగుతున్నది విశ్వాసమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు క్రైస్తవులు కాదు. ఆఫీసు స్నేహితుడు పిలిస్తే కొన్ని నెలలుగా శనివారం రాత్రుళ్లు వాళ్ల సంఘంతో కలిసి సికింద్రాబాద్ స్టేషను చుట్టుపక్కల భోజనం పంచుతున్నారు. వెళ్లిన ప్రతిసారీ మనసులో ఏదో కదులుతోంది. సంఘంలో కొందరు "దేవుడు మిమ్మల్ని పిలుస్తున్నాడు, బాప్తిస్మం తీసుకోండి" అంటున్నారు. ఇది విశ్వాసమా, సేవ చేసిన తృప్తా అన్నది మీ సందేహం. పొట్లంతో పాటు సువార్త కరపత్రం ఇవ్వడం మీకు ఇబ్బందిగా ఉందని కూడా రాశారు.

సూటిగా చెబుతాను. సేవ మానకండి. బాప్తిస్మానికి తొందరపడకండి. పొట్లంతో కరపత్రం ఇవ్వకండి. మీలో కలుగుతున్నది విశ్వాసానికి మొదలు కావచ్చు, కాకపోనూ వచ్చు. దాన్ని తేల్చుకోవలసిన చోటు మాత్రం ఫుట్‌పాత్ కాదు.

నేను నర్సుగా పనిచేసి రిటైర్ అయ్యాను. పుట్టుకతో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం మనిషిని. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ మా సంఘం తరఫున ఇదే పరిచర్యలో ఉన్నాను. కొత్తగా వచ్చే యవ్వనస్థులకు పని నేర్పే బాధ్యత ఇప్పుడు నాది. మీరు అడిగినవి వాళ్లలో చాలామంది అడిగినవే.

ముందు కరపత్రం సంగతి, అది తేలిక కనుక. ఆకలితో ఉన్న మనిషి మీరు ఏ కాగితం ఇచ్చినా తీసుకుంటాడు. తల వంచి ప్రార్థించమంటే వంచుతాడు. యేసును నమ్ముతావా అంటే నమ్ముతానంటాడు. మర్నాడు మరొకరు పులిహోర తెచ్చి గోవింద కొట్టమంటే అదీ కొడతాడు. ఆయనను తప్పుపట్టడానికి లేదు, ఆ పూట గడవాలి కదా. తప్పంతా ఆ మాటను పట్టుకొచ్చి ఆదివారం ఆరాధనలో "ఇన్ని ఆత్మలు రక్షించబడ్డాయి" అని లెక్క చదివేవాళ్లది. యోహాను సువార్త 6వ అధ్యాయం తీసి చూడండి. రొట్టెలు తిని తన వెంటపడిన జనంతో యేసే అన్నాడు, మీరు కడుపు నిండింది కనుక నన్ను వెతుకుతున్నారని. రొట్టెలు పెట్టినందుకు ఆయన బాధపడలేదు. రొట్టెల కోసం వచ్చినవాళ్లను శిష్యులుగా లెక్కపెట్టనూ లేదు.

దీనికి మన తెలుగునాటే పెద్ద ఉదాహరణ ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మనవాళ్లు క్లౌ దొర అనేవారు, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి పని ఇచ్చి, కూలి ఇచ్చి బతికించాడు. ఆ సహాయం సాగినంత కాలం, సుమారు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్లకు కూడా ఇవ్వలేదు. సహాయం ముగిశాక, ఇక ఆయన చేతిలో పంచడానికి ఏమీ లేదని తెలిసీ జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంత జాగ్రత్త పడినా కూటి కోసం మారారన్న నింద తప్పలేదు. నిందించేవాళ్లు ఒకటి మరిచిపోతారు. వచ్చినవాళ్లలో అత్యధికులు మాదిగలు. వాళ్లలోంచే వచ్చిన యర్రగుంట్ల పేరయ్య కరువుకు పదేళ్ల ముందు నుంచే ఊరూరా తిరిగి బోధించాడు. అయినా నాకు క్లౌ దొర చేసిన పనుల్లో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ 15 నెలలు ఆగడమే. అన్నం పెట్టే చేయి, బాప్తిస్మం ఇచ్చే చేయి ఒకే మనిషివి అయినప్పుడు రెండిటి మధ్యా కొంత కాలం ఉండాలి.

చట్టం మాట కూడా ఒకసారి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆ హక్కు మన విశ్వాసాన్ని వివరించి చెప్పడానికే గానీ ఎదుటివాడిని మతం మార్చడానికి కాదని తేల్చింది. చట్టం లేకపోయినా నేను కరపత్రం ఇవ్వనివ్వను, అది వేరే మాట.

మా బృందంలో పద్ధతి ఇలా ఉంటుంది. ఎవరైనా "మీరెవరు, ఎందుకొస్తారు?" అని అడిగితే దాచకుండా రెండు మాటల్లో చెబుతాం. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేస్తాం. ఇంకా వినాలని ఉందంటే చేతిలో పొట్లం లేని రోజున వెళ్లి కలుస్తాం. ఫోటోలు తీయం. నిద్రలో ఉన్న మనిషి మొహం మీద లైటు వేసి, కంబళి కప్పుతూ ఫోటో దిగేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. మీరు భోజనం పెడుతున్నది ఎవరికో మీకు తెలియాలి. ఇల్లు లేనివాళ్లంటే బిచ్చగాళ్లని చాలామంది అనుకుంటారు. 2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షలని తేలింది. నేను తిరిగే వీధుల్లో కనిపించేవాళ్లు ఎక్కువగా అడ్డా కూలీలు, పెళ్లిళ్ల సీజనులో క్యాటరింగ్ పనికి వెళ్లేవాళ్లు, అట్టముక్కలు, పాత ఇనుము ఏరేవాళ్లు, పెద్దాసుపత్రికి రోగిని తెచ్చి గది అద్దెకు తీసుకోలేక బయటే పడుకునే బంధువులు, ఇంట్లోంచి వెళ్లగొట్టబడ్డ ముసలివాళ్లు, మతిస్థిమితం తప్పినవాళ్లు. పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీకి మేము ఎన్నో వారాలు పొట్లం ఇచ్చాం. ఒకరోజు ఆయనే అన్నాడు, "అమ్మా, అన్నం నేను కొనుక్కోగలను. ఫోను ఛార్జింగ్ పెట్టుకునే చోటు, పనికెళ్లినప్పుడు సంచి దాచుకునే చోటు చూపించండి" అని. ఫోను ఆగిపోతే పని కబురు అందదు. సంచి పోతే ఆధార్ కార్డు పోతుంది, అది పోతే పింఛను నుంచి ఆసుపత్రి దాకా అన్నీ ఆగుతాయి. అడిగి తెలుసుకోకుండా పంచుకుంటూ పోతే మనకు తృప్తి మిగులుతుంది, ఆయన అవసరం అలాగే ఉంటుంది.

షెల్టరు సంగతి కూడా ఇంతే. 2010లో సుప్రీంకోర్టు ప్రతి లక్ష పట్టణ జనాభాకు ఒకటి చొప్పున రాత్రింబవళ్లు నడిచే ఆశ్రయాలు ఉండాలని ఆదేశించింది. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద వాటికి నిధులూ ఇచ్చారు. మీకు దగ్గరలో ఏది ఉందో తెలుసుకుని, ఒకసారి లోపలికి వెళ్లి చూసి రండి. చూడని చోటికి ఎవరినీ పొమ్మనకండి. చెప్పినా చాలామంది రారు. అడ్డా దూరమవుతుంది, భార్యాభర్తలు విడిగా ఉండాలి, తాగితే రానివ్వరు, సామాను పోతుందని భయం. అవి వాళ్లు ఆలోచించుకుని చెప్పే కారణాలే, మొండితనం కాదు.

డిసెంబరులో ఇంకో వింత. క్రిస్మస్ వారంలో ప్రతి సంఘమూ, ప్రతి కాలనీ సమితీ కంబళ్లతో, బిర్యానీతో దిగుతుంది. ఒకే మనిషికి మూడు కంబళ్లు వస్తాయి, బిర్యానీ పొట్లాలు మూటకట్టి పక్కన పడేస్తారు. జూలై వానల్లో తడిసి ముద్దయినప్పుడు ప్లాస్టిక్ పట్టా ఇచ్చేవాడు ఒక్కడూ ఉండడు. మీ సంఘం వినేదైతే డిసెంబరు డబ్బును జూలైకి దాచమని చెప్పండి. ఖాళీ కడుపున మసాలా బిర్యానీ కన్నా కిచిడీ, ఉడికించిన గుడ్డు, అరటిపండు మేలు. ముసలివాళ్లు నమలగలరు కూడా.

నర్సుగా రెండు హెచ్చరికలు. మొదటిది, రోజూ తాగే మనిషి చేత ప్రార్థనలో ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించకండి. మా దగ్గర ఒకాయన అలాగే ఏడ్చి, మోకాళ్లూని, "ఇక ముట్టను" అన్నాడు. అందరూ స్తోత్రాలు చెప్పారు. రెండో రోజుకు చేతులు వణకడం, మూడో రోజుకు లేనివి కనిపించడం, తర్వాత మూర్ఛ. అది దయ్యమని నూనె రాస్తామన్నవాళ్లను పక్కకు తప్పించి 108కి ఫోను చేయవలసి వచ్చింది. ఏళ్ల తరబడి తాగినవాడు హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మానాలి. ఆయన బతికాడు, తర్వాత మందులతో మానాడు కూడా. ప్రార్థన చేయవద్దని నేను అనను, ఆసుపత్రికి తీసుకెళ్తూ చేయండి.

రెండోది, మతిస్థిమితం తప్పి తిరిగేవాళ్లను మీ అంతట మీరు బండెక్కించి ఏ ఆశ్రమానికో చేర్చకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షను ప్రకారం అలాంటివారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించే బాధ్యత ఆ ప్రాంతం పోలీసు స్టేషను అధికారిది (ఎస్‌హెచ్‌ఓ). హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. వాళ్లకు అన్నం చేతికి ఇవ్వబోతే కొందరు భయపడతారు. కాస్త దూరంలో పెట్టి పక్కకు తప్పుకుంటే తింటారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. సేవలో కలిగిన కదలిక విశ్వాసమా?

పండిత రమాబాయి జీవితం మీకు చాలా పనికొస్తుంది. వయసులో ఉండగానే కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకుని, అన్నతో దేశమంతా కాలినడకన తిరిగిన సంస్కృత పండితురాలు. ఇల్లు లేకపోవడమంటే ఏమిటో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. 1883లో ఇంగ్లండు వెళ్లి, లండన్‌లోని ఫుల్హంలో సమాజం వెలివేసిన స్త్రీలను క్రైస్తవ సన్యాసినులు ఆదరిస్తున్న చోటు చూసింది. వీళ్లకు ఇంత దయ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన కథ వినిపించారు. ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకుంది. అంటే ఆమెను లాగింది కూడా మిమ్మల్ని లాగుతున్నటువంటిదే. అయితే ఆమె తర్వాత రాసుకున్న సాక్ష్యంలో మరో మాట ఉంది. తనకు అప్పుడు దొరికింది క్రైస్తవ మతమని, క్రీస్తు దొరికింది బాప్తిస్మం తర్వాత ఎనిమిదేళ్లకని. అంత చదువూ అంత నిజాయితీ ఉన్న మనిషికే ఆ రెండూ ఒకటి కాదని తెలియడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మిమ్మల్ని వచ్చే నెలకే తేల్చుకోమనడం న్యాయమా?

సేవలో తృప్తి గురుద్వారా లంగరులో కలుగుతుంది, రామకృష్ణ మఠంలో కలుగుతుంది, దేవుణ్ణి నమ్మని నా తోటి నర్సుకూ కలిగేది. అది మంచిదే, దాన్ని చిన్నచూపు చూడకండి. కానీ క్రైస్తవ విశ్వాసం అనేది యేసు గురించి ఒక మాట ఒప్పుకోవడం. ఆయన సిలువ మీద చనిపోయాడు, లేచాడు, ఆయనకు నా మీద అధికారం ఉంది అని. దాని గురించి మీకు ఇంకా ఏ అభిప్రాయమూ లేకపోతే మీరు మంచి వాలంటీరు. అందులో కొరత ఏమీ లేదు.

పరీక్షించుకోవడానికి నేను కొత్తవాళ్లకు చెప్పేది ఇది. మార్కు సువార్త చదవండి. చిన్నది, రెండుసార్లు కూర్చుంటే అయిపోతుంది. సంఘంవాళ్ల వివరణ లేకుండా, మీకు నచ్చనివి గీతపెట్టుకుంటూ చదవండి. తర్వాత ఆదివారం ఆరాధనకు వెళ్లి, ఏ పనీ పెట్టుకోకుండా వెనక బెంచీలో కూర్చోండి. ఫుట్‌పాత్ మీద చేతినిండా పని, కళ్లెదుట ఫలితం. చర్చిలో కీర్తన నాలుగో చరణం లాగుతుంటే, ప్రసంగం సాగుతుంటే, కమిటీ ఎన్నికల గొడవ వినబడుతుంటే అప్పుడు కూడా మీకు ఆయన కావాలనిపిస్తుందా? కొన్నాళ్లు శనివారాలు వెళ్లలేని పరిస్థితి వచ్చినా అది నిలుస్తుందా? నాకు తెలిసినంతలో ఇంతకు మించిన గీటురాయి లేదు.

మీకు తొందర పెట్టేవాళ్లు అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుని కథ చెబుతారు, ఫిలిప్పు అనే సువార్తికుడు దారిలోనే ఆయనకు బాప్తిస్మం ఇచ్చాడు కదా అని. కథ పూర్తిగా చదవమనండి. ఆ మనిషి అప్పటికే యెరూషలేము వెళ్లి ఆరాధించి వస్తున్నాడు, రథంలో యెషయా గ్రంథం తనంతట తానే చదువుకుంటున్నాడు. నీళ్లు చూసి "నాకు ఆటంకమేమిటి?" అని అడిగింది ఆయనే. ఫిలిప్పు అడగలేదు. మీరూ ఆ ప్రశ్న అడిగే రోజు వస్తే నేను ఆగమని చెప్పను.

నేను చూసినవాళ్లలో రకరకాల దారులు ఉన్నాయి. ఒక హిందూ అమ్మాయి ఏళ్లుగా మాతో వస్తోంది, ఎవరు ఏ రాత్రి రావాలో పట్టిక వేసేది ఆమే. బాప్తిస్మం ఊసు ఎత్తలేదు, మేమూ ఎత్తం. ఆమెతో పాటే వచ్చిన ఒక అబ్బాయి చాలాకాలం వాదించి, మానేసి, మళ్లీ వచ్చి, చివరికి తానే అయ్యగారి (పాస్టరు) ఇంటికి వెళ్లి బాప్తిస్మం అడిగాడు. లారీ క్లీనరుగా చేసి రోడ్డున పడ్డ ఒకాయన గది చూసుకుని కుదురుకున్నాక బాప్తిస్మం తీసుకున్నాడు, అయితే మా సంఘంలో కాదు. ఆయన గది పక్కనున్న పెంతెకోస్తు మందిరంలో. అన్నేళ్లు అన్నం పెట్టింది మనమైతే, అని మా కమిటీలో ఒకరిద్దరు చిన్నబుచ్చుకున్నారు. నాకైతే చాలా సంతోషమేసింది. పొట్లానికి బదులు తీర్చుకోవడానికి ఆయన దేవుణ్ణి నమ్మలేదని అంతకన్నా రుజువు ఏం కావాలి?

నా సంగతి వేరు. పుట్టినప్పటి నుంచీ కీర్తనలు కంఠతా వచ్చు, నిర్ధారణ (చిన్నప్పటి బాప్తిస్మాన్ని పెద్దయ్యాక సొంతంగా ఒప్పుకునే ఆచారం) పొందాను, అయినా అది అమ్మానాన్నల మతంగానే ఉండేది. ఈ పనిలో ఉండగా మత్తయి 25 మళ్లీ చదివాను. ఆకలిగొన్నవాళ్లకు పెట్టిన నీతిమంతులు "ప్రభువా, నిన్నెప్పుడు చూశాం?" అని ఆశ్చర్యపోతారు అందులో. పెట్టినవాళ్లకు ఆయన ఎవరో తెలియలేదు, తిన్నవాళ్ల వైపు ఆయన ఉన్నాడు. క్రీస్తును ఫుట్‌పాత్ దగ్గరికి మోసుకెళ్తున్నానన్న నా గొప్ప అక్కడ అణిగింది. అప్పటి నుంచి కరపత్రం ఇవ్వాలన్న కోరికా పోయింది.

చివరగా ఎవరూ చెప్పని ఒక వ్యవహారం. మీరు ఎస్సీ అయితే, బాప్తిస్మం వల్ల చట్టపరంగా తేడా వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీలో చేర్చారు. అది అన్యాయమని నా అభిప్రాయం, మా సంఘాలన్నీ దశాబ్దాలుగా ఆ మాటే అంటున్నాయి. కానీ ఉన్న చట్టం ఉన్నట్టు తెలిసి నిర్ణయించుకోవాలి. ఒక మతం కాగితాల్లో, ఒక మతం గుండెల్లో పెట్టుకుని బతకమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ముందే చెప్పండి. బయటివాళ్ల ద్వారా తెలిస్తే ఆ గాయం మానడం కష్టం. పేరు మార్చుకోవలసిన అవసరం మాత్రం లేదు.

ఈ వారం మీ పాస్టరుగారిని రెండు అడగండి. "నేను బాప్తిస్మం తీసుకోకపోయినా శనివారాలు రావచ్చా?" అని ఒకటి. "కరపత్రాలు లేకుండా పంచుదామా?" అని రెండోది. మొదటిదానికి ఆయన తడుముకుంటే వేరే బృందం చూసుకోండి, ఊళ్లో చాలా ఉన్నాయి. రెండోదానికి ఒప్పుకోకపోతే మీరు కరపత్రాల సంచి ముట్టుకోకుండా నీళ్ల క్యాను దగ్గర నిలబడండి, అక్కడ ఎప్పుడూ మనుషులు తక్కువే.